దిద్దే ముందు విన్న మాస్టారు

ఆగస్టు 29 దగ్గర పడుతోంది. ఆ రోజు స్కూళ్లలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. పిల్లలు పంచెలు, పరికిణీలు కట్టుకొస్తారు. పద్యాలు చెబుతారు. స్టేజీ మీద గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫోటోకి దండ వేస్తాం. ఆయన ఎవరని అడిగితే, వాడుక భాష కోసం పోరాడిన మహానుభావుడని పిల్లలు టక్కున చెప్పేస్తారు. జవాబు సరైనదే, మార్కు కూడా వస్తుంది. కానీ ఆయన జీవితంలో ఆ ఒక్క మార్కు జవాబుకి అందని సంగతి ఒకటుంది. మన ఇళ్లలో రోజూ ఎదురయ్యే ఓ చిన్న ప్రశ్నకు అక్కడ సమాధానం దొరుకుతుంది. ఎదుటివాళ్ల మాటలో తప్పు కనిపిస్తే దిద్దాలా, వదిలేయాలా? దిద్దితే ఎవరిని దిద్దాలి, ఎలా దిద్దాలి?

ఇంగ్లీష్ మీడియం పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న మరీ ఎక్కువ. అమ్మ ఫోన్లో రెండు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఐదో తరగతి కొడుకు మధ్యలో అందుకుని సరిచేస్తాడు. చుట్టాలు వచ్చినప్పుడు నాన్న అందరి ముందూ కూతురి తెలుగును దిద్దుతాడు. నానమ్మ ఇస్కూలు అంటే మనవరాలు పకపకా నవ్వుతుంది. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. అయినా ఆ తర్వాత అమ్మ ఆ ఫోన్ కాల్ బయటికి వెళ్లి మాట్లాడుకుంటుంది. కూతురు చుట్టాల ముందు నోరు విప్పదు. నానమ్మ మనవరాలికి కథ చెప్పడం తగ్గించేస్తుంది. తప్పు పోయిందో లేదో తెలియదు గానీ మాట మాత్రం పోతుంది.

గిడుగు గారు తన కాలంలో తప్పులు పట్టడంలో దిట్ట. మహా పండితుల పుస్తకాల్లో కూడా తప్పులు వెతికి చూపించారు. అదే మనిషి, అడవిలో ఉండే సవరల దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి వాళ్లు పలికింది పలికినట్టు రాసుకున్నారు. దిద్దింది ఎవరిని, విన్నది ఎవరిని అని చూస్తే ఆయన జీవితం మనకు కొత్తగా అర్థమవుతుంది.

పర్వతాలపేట నుంచి పర్లాకిమిడికి

ఆయన 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. శ్రీకాకుళం జిల్లాలో, శ్రీముఖలింగం గుడికి దగ్గరలో, వంశధార ఒడ్డున ఉన్న పల్లెటూరు అది. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరంతో పోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. ఆ తర్వాత విజయనగరంలో మేనమామ గారింట్లో ఉండి మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. అక్కడ ఆయన క్లాస్‌మేట్ గురజాడ అప్పారావు. రామమూర్తి 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ స్నేహం తర్వాత తెలుగు భాష దారినే మార్చింది.

ఇంటి బరువు మీద పడటంతో 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. నెల జీతం 30 రూపాయలు. ఫస్ట్ ఫారం పిల్లలకు చరిత్ర చెప్పడం ఆయన పని. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పరీక్షలు రాసి బీఏ పూర్తి చేశారు. పాఠ్యపుస్తకం చదివించి ఊరుకునే రకం కాదు ఆయన. చరిత్ర చెప్పాలంటే ఆధారాలు కావాలి కదా అని ముఖలింగం గుడి గోడల మీద ఉన్న శాసనాల లిపిని సొంతంగా నేర్చుకుని చదివారు. వాటి మీద వ్యాసాలు కూడా రాశారు.

ఈ అలవాటే ఆయన జీవితమంతా నడిపించింది. ఎవరో చెప్పారు కాబట్టి ఒప్పు, ఎవరో కాదన్నారు కాబట్టి తప్పు అనుకోకుండా అసలు చోటుకు వెళ్లి చూడటం. ఒక రాయి మీద ఏముందో కళ్లారా చూడాలి. ఒక మనిషి ఎలా మాట్లాడతాడో చెవులారా వినాలి. ఆ తర్వాతే ఏదైనా మాట్లాడాలి.

అడవిలో విద్యార్థి

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ భాష అయితే, సవర ముండా కుటుంబానికి చెందినది. దానికి అప్పట్లో పుస్తకాలు లేవు, బడులు లేవు. మైదానంలో ఉండే చదువుకున్నవాళ్లకు అది భాషలాగే అనిపించేది కాదు. సవరలు సంతకు వచ్చి వచ్చీరాని తెలుగులో మాట్లాడితే నవ్వుకునేవాళ్లకు కొదవ ఉండేది కాదు.

గిడుగు గారికి ఆ పిల్లలకు చదువు చెప్పాలనిపించింది. మామూలుగా అయితే ముందు వాళ్లకు తెలుగు నేర్పి, ఆ తెలుగులోని తప్పులు దిద్ది, ఆ పైన పాఠాలు మొదలుపెట్టాలి. ఆయన ఈ వరసను తిరగేశారు. ముందు తానే సవర నేర్చుకుందామనుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఇది ఒకటి రెండు నెలల కోర్సు కాదు, దశాబ్దాల పని. తెలుగులో లేని ధ్వనులు సవరలో ఉన్నాయి. మాట మధ్యలో గొంతు చటుక్కున మూసుకుని తెరుచుకునే ధ్వని వాటిలో ఒకటి. తెలుగు చెవికి అది ఓ పట్టాన దొరకదు. దాన్ని పట్టుకోవడానికి, కాగితం మీద పెట్టడానికి ఆయన ధ్వనిశాస్త్రం చదివారు. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ లాంటి యూరప్ భాషావేత్తల పుస్తకాలు తెప్పించుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆయన బీఏ చదివిన మాస్టారు. ఎదురుగా ఉన్నవాళ్లకు అక్షరం రాదు. అయినా సవర భాష విషయంలో తప్పొప్పులు చెప్పాల్సింది ఎవరు? వాళ్లే. మాస్టారు పలికింది సరిగ్గా ఉందో లేదో తేల్చే అధికారం అక్షరం రాని ఆ మనిషిదే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మాట్లాడుకునే భాషలో మనిషి తన భాషకు తానే ప్రమాణం. ఈ సంగతి ఆయన పుస్తకంలో చదివి ఊరుకోలేదు, విద్యార్థిగా కూర్చుని తెలుసుకున్నారు.

సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. టీచర్ల జీతాలు కూడా తానే ఇచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే మంచి బడి పెట్టమని అడిగారు. 1931లో ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. నిఘంటువులూ వచ్చాయి. ఆ పనికి ఆయన ఆరోగ్యంతో మూల్యం చెల్లించారు. అడవుల్లో తిరిగి తిరిగి మలేరియా పట్టుకుంది. దానికి క్వినైన్ ఎక్కువగా వాడటంతో చెవుడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. ఒక భాషను వినడానికి వెళ్లిన మనిషి వినికిడినే పోగొట్టుకున్నారు.

ఏట్సు దొర అడిగిన ప్రశ్న

1907 ప్రాంతంలో జె.ఎ. ఏట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠాలు చెప్పే తీరు ఆయనకు వింతగా తోచింది. బయట జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు ఇంకొకటి. మాట్లాడే తెలుగులోనే పిల్లలకు ఎందుకు చెప్పకూడదని ఆయన సందేహం. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, దీనికి జవాబు చెప్పగలిగింది గురజాడ, గిడుగు అని ఆయన దారి చూపించారు.

ఆ రోజుల పరిస్థితి ఇప్పటి తల్లిదండ్రులకు ఊహించుకోవడం కష్టమే. ఇంట్లో వస్తున్నాడు అనే పిల్లవాడు పరీక్షలో వచ్చుచున్నాడు అని రాయాలి. చేస్తాను అంటే తప్పు, చేసెదను అనాలి. వాడు అనే మాటలో అరసున్న పెట్టాలి. ఏరు అన్న మాటలో బండి ర వాడాలి. పలకడంలో అప్పటికే ఎవరికీ తేడా లేదు, రాయడంలో మాత్రం తేడా తప్పనిసరి. ఆ పైన సరళాదేశ సంధి. 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ నియమాలకు పెద్ద ఆధారం. అది గొప్ప పుస్తకమే. అయితే అది పాత కావ్యాల భాషకు రాసిన వ్యాకరణం. దాన్ని తీసుకొచ్చి పదేళ్ల పిల్లవాడు తన ఊరి గురించి రాసుకున్న నాలుగు వాక్యాల మీద పెడితే, ప్రతి వాక్యం కిందా గీత పడుతుంది.

ఇంగ్లీష్ నేర్చుకునే పిల్లవాడు మాట్లాడే ఇంగ్లీషే రాస్తాడు. తెలుగు పిల్లవాడు మాత్రం తన సొంత భాషలో రాయడానికి ఇంకో భాష నేర్చుకోవాల్సి వచ్చేది. గిడుగు గారికి నొప్పి కలిగింది ఇక్కడే. అప్పటికే ఆయన పాతికేళ్లకు పైగా టీచరు. పిల్లల కాపీల మీద ఆ గీతలు ఎంత పని చేస్తాయో ఆయనకు వేరొకరు చెప్పక్కర్లేదు.

పండితుల పుస్తకాల్లో తప్పులు

1912-13లో స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలోనైనా, వాడుక భాషలోనైనా రాయవచ్చని ఉత్తర్వు వచ్చింది. పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు దాన్ని గట్టిగా ఎదిరించింది. 1913లో ఇరుపక్షాలూ తమ వాదనలను ఇంగ్లీషులో పుస్తకాలుగా అచ్చు వేసి ప్రభుత్వానికి వినిపించాయి. గురజాడ తన అసమ్మతిని విడిగా రాసిచ్చారు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది, ఉత్తర్వు రద్దయింది. 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. గిడుగు గారు ఉద్యోగం నుంచి విరమించుకుని, సరిగా వినపడని చెవులతో, పోరాటంలో దాదాపు ఒంటరిగా మిగిలారు.

అప్పుడు ఆయన పట్టుకున్న ఆయుధం వ్యాకరణమే. గ్రాంథికమే స్వచ్ఛమైన తెలుగు, శ్రద్ధగా చదివితే ఎవరైనా తప్పుల్లేకుండా రాయవచ్చు అన్నది పండితుల వాదన. సరే, ముందు మీ పుస్తకాలే చూద్దాం అన్నట్టు ఆయన వాళ్ల రచనలు తీసి వరసగా పరిశీలించారు. వాళ్లు నెత్తిన పెట్టుకున్న బాలవ్యాకరణం ప్రకారమే వాళ్ల తప్పులు చూపించారు. ఇక్కడ అరసున్న లేదు, అక్కడ సంధి కుదరలేదు, ఈ రూపం ఏ ప్రాచీన కవీ వాడలేదు అంటూ ఉదాహరణలతో సహా లెక్క పెట్టారు. 1916లో కొవ్వూరు సభలో, 1925లో తణుకు సభలో గంటల తరబడి ఇదే పని చేశారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే పుస్తకాలు ఈ కృషిలోంచి వచ్చినవే. ఆ చివరి పేరులో చమత్కారం ఉంది. భిషక్కు అంటే వైద్యుడు, భేషజం అంటే మందు. వాడుకలో భేషజం అంటే లేని గొప్ప పోవడం అని కూడా మనకు తెలుసు.

పైకి చూస్తే ఇది ఎదుటివాళ్ల పరువు తీయడంలా కనిపిస్తుంది. ఆ కాలంలో చాలామందికి అలాగే కనిపించింది. ఆయన మాట పదును మామూలుది కాదు. నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు, తిరిగి తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆ పదునును మన ఇళ్లలోకి తెచ్చుకోవాలని నేను చెప్పను. కానీ ఆ దిద్దుబాటు వెనక ఉన్న పద్ధతిని మాత్రం గమనించాలి.

మొదటిది, ఆయన తనతో సమానమైనవాళ్లను, తనకన్నా బలం ఉన్నవాళ్లను దిద్దారు. పరీక్షలు, పరిషత్తులు, పాఠ్యపుస్తకాలు చేతిలో ఉన్నవాళ్లు వాళ్లు. పిల్లల తప్పులు, సవరల తెలుగు, కూలివాళ్ల మాట ఆయన వాదానికి సరుకు కాలేదు. రెండోది, తోచినట్టు కాకుండా ఆధారం చూపించి దిద్దారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ తప్పులను బట్టి పండితులకు చదువు రాదని తేల్చలేదు. జీవితమంతా గ్రాంథికంలోనే గడిపినవాళ్లు కూడా తప్పు లేకుండా రాయలేకపోతున్నారంటే, అది పిల్లల నెత్తిన పెట్టాల్సిన భాష కాదు అన్నది ఆయన తేల్చింది. అంటే పెద్దవాళ్ల తప్పులను ఆయన ఎంచి చూపించింది, పిల్లల తప్పులను క్షమించమని అడగడానికి.

డెబ్బై ఏళ్లప్పుడు మారిన మనసు

దిద్దేవాళ్ల గురించే కాదు, దిద్దించుకునేవాళ్ల గురించి కూడా ఈ కథలో ఒక మంచి ఘట్టం ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు ఆ రోజుల్లో తెలుగు వచనానికి పెద్ద దిక్కు. రాజశేఖర చరిత్రము రాసినవారు. ఆయన పుస్తకాలు చదివి గ్రాంథికం నేర్చుకున్న తరాలు ఉన్నాయి. వాడుక భాషను ఒప్పుకుంటే తన జీవితకాలపు రాత పద్ధతినే పక్కన పెట్టినట్టు అవుతుంది. అయినా 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడిగా ఉండటానికి ఆయన ఒప్పుకున్నారు. గిడుగు గారు ఆ సమాజానికి వెన్నెముక. వీరేశలింగం గారికి అప్పటికి డెబ్బై ఏళ్లు. సరిగ్గా మూడు నెలలకు, మే 27న ఆయన కన్నుమూశారు.

డెబ్బై ఏళ్ల మనిషి, అంత పేరున్న మనిషి, నా పద్ధతి మార్చుకుంటాను అనడం చిన్న సంగతి కాదు. మన పిల్లలు మనల్ని ఇంగ్లీషులో దిద్దినప్పుడు మనలో పుట్టే ఉక్రోషాన్ని గుర్తు చేసుకుంటే ఆ గొప్పతనం అర్థమవుతుంది. పిల్లలకు దిద్దడం ఎలాగో నేర్పాలంటే, దిద్దితే ఉడుక్కోకుండా ఉండటం మనం చూపించాలి. అది చూడని పిల్లలు తప్పంటే సిగ్గుపడాల్సిన విషయం అనుకుంటారు, అవతలివాళ్ల తప్పు దొరికితే పండగ చేసుకుంటారు.

గెలుపు ఎలా వచ్చింది

గిడుగు గారు 1919లోనే తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు. 1924లో సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద నిషేధాన్ని ఎత్తేసింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, తెలుగువాళ్లు అంతమంది ఉన్న ఊరిని అలా కలపడాన్ని నిరసిస్తూ, ఐదున్నర దశాబ్దాలు బతికిన ఊరిని వదిలేసి రాజమహేంద్రవరంలో కొడుకు దగ్గరికి వచ్చేశారు. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల వాళ్లతో మాట్లాడుతూ, పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో వాడుక భాష వాడమని మరోసారి కోరారు. ఆ తర్వాత వారానికే, జనవరి 22న, 76 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

ఇవాళ మీరు చదివే పేపరు, పిల్లల తెలుగు వాచకం, ఈ న్యూస్‌లెటర్ అన్నీ వాడుక భాషలోనే ఉన్నాయి. ఆయన గెలిచారు. అయితే పండితుల తప్పుల జాబితా ఒక్కటే ఆ గెలుపు తెచ్చిపెట్టలేదు. ఆ జాబితా చూసి సంతోషంగా మారినవాళ్లు తక్కువ. గెలిపించింది బాగా రాసినవాళ్లు. కన్యాశుల్కం చదివినవాళ్లకు వాడుక భాషలో ఎంత బలం ఉందో ఎవరూ వాదించి చెప్పనక్కర్లేకపోయింది. గిడుగు గారి శిష్యుడు తాపీ ధర్మారావు జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపి, వార్తలు ఇలా కూడా రాయవచ్చని చూపించారు.

గురజాడ 1910లో రాసిన ఓ చిన్న కథ పేరే దిద్దుబాటు. అందులో భార్య కమలిని దారి తప్పిన భర్తను దిద్దుతుంది. నలుగురిలో నిలదీయదు, అరవదు. ఒక్క ఉత్తరం రాసిపెట్టి, ఆయన తప్పు ఆయనే తెలుసుకునేలా చేస్తుంది. వ్యాకరణం కథ కాదు అది. కానీ దిద్దడం అనే పనికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పుకోవాలి. గిడుగు గారు కోరింది చదువుకున్నవాళ్లు మాట్లాడే వాడుక, శిష్ట వ్యావహారికం. అది పుస్తకాల్లోకి వచ్చాక, కోస్తా జిల్లాల పలుకుబడి దానికి ఆధారం కావడంతో, తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పిల్లల మాట మళ్లీ తప్పుల కిందికి వచ్చింది. తెలంగాణలో కాళోజీ నారాయణరావు గారు జీవితమంతా ఈ చిన్నచూపును ఎదిరించారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఒక నియమాన్ని సడలించగానే ఇంకో నియమం గద్దెనెక్కుతుంది. అందుకే తప్పు అనే మాట వాడే ముందు, ఇది నిజంగా తప్పా, లేక మన ఊళ్లో అనరు కాబట్టి తప్పులా వినిపిస్తోందా అని మనల్ని మనం అడగాలి.

మన ఇంటికి వస్తే

దిద్దడమే తప్పని ఎవరైనా అంటే టీచరుగా నేను ఒప్పుకోలేను. పిల్లలకు సరైన ఇంగ్లీషు రావాలి, సరైన తెలుగు రావాలి. అందుకే కదా మీరు ఫీజు కడుతున్నది. అయితే ఎప్పుడు, ఎలా అన్నది గిడుగు గారి జీవితం నుంచి తీసుకోవచ్చు.

పాప షీ డోంట్ నో అంటే, అది తప్పు అని ఆపేయకండి. ఓ, షీ డజంట్ నో? మరి ఎవరికి తెలుసు, అని సంభాషణ కొనసాగించండి. సరైన రూపం చెవిన పడుతుంది, మాట తెగదు. పాఠం మధ్యలో తప్పు సరిచేయడం వేరు, కథ మధ్యలో సరిచేయడం వేరు. స్కూల్లో జరిగింది ఆత్రంగా చెబుతున్న పిల్లవాడికి ఆ నిమిషంలో కావలసింది వినే మనిషి. ఏదైనా తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే రాసిపెట్టుకుని, హోంవర్క్ వేళ ప్రశాంతంగా చూపించండి. ఒకేసారి పది కాకుండా ఒక్కటే చూపించండి.

నలుగురిలో ఉన్నప్పుడు వదిలేయండి. చుట్టాల ముందు, స్నేహితుల ముందు, వాట్సాప్ గ్రూపులో దిద్దితే నేర్చుకునేది ఉండదు, అవమానం ఒక్కటే మిగులుతుంది. డైరీలో టీచర్ రాసిన వాక్యంలో తప్పు కనిపిస్తే నిరభ్యంతరంగా చెప్పండి. పిల్లల ముందు వెటకారంగా కాకుండా, మాకు ఒక చిన్న నోట్ రాయండి, లేదా పేరెంట్స్ మీటింగ్‌లో పక్కకు పిలిచి చెప్పండి. చెప్పినందుకు సంతోషిస్తాం.

ఇంట్లో పనిచేసే అక్క, అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్, స్కూల్ బస్సు డ్రైవరన్న మాట్లాడే తెలుగును పిల్లలు వెక్కిరిస్తే మాత్రం అప్పటికప్పుడే ఆపండి. అక్కడ దిద్దాల్సింది మన పిల్లల్ని. గిడుగు గారి కాలంలో సవరలను చూసి నవ్వినవాళ్లకూ, ఇవాళ బస్సులో నవ్వే పిల్లలకూ మధ్య నూరేళ్ల దూరం ఉన్నా ఆ నవ్వు మాత్రం ఒకటే.

అమ్మానాన్నల ఇంగ్లీషును పిల్లలు దిద్దితే ఉడుక్కోకండి. అవునా, ఇంకోసారి చెప్పు అనండి. అదే సమయంలో, పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు ఒక్కరుగా ఉన్నప్పుడు, మెల్లగా చెప్పాలని నేర్పండి. మనం తప్పు ఒప్పుకుంటే మన పరువు పోదు. వీరేశలింగం గారి పరువు తగ్గలేదు కదా.

ఈ ఆగస్టు 29కి పిల్లలకు హోంవర్క్ ఒకటి ఇస్తున్నాం. తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల్లో ఎవరో ఒకరి దగ్గర అరగంట కూర్చుని, వాళ్లు వాడే పది మాటలు వాళ్లు పలికినట్టే రాసుకురావాలి. పక్కన అర్థం రాయాలి. పెద్దవాళ్లు ఊళ్లో ఉంటే ఫోన్ చేసి అడగవచ్చు. ఒక్కటే షరతు. ఆ అరగంట మాటను సరిచేయకూడదు. పొలం పనుల్లో వాడే మాట రావచ్చు, వంటింట్లో వాడే మాట రావచ్చు, మీకు కూడా తెలియని మాట ఒకటి బయటపడవచ్చు. ఆ కాగితాలు సోమవారం క్లాసులో చదువుతాం. ఎర్ర పెన్ను వాడం.